వెనక సీటు

దుకాణంలో రెండు స్టూళ్లను, మేం కచేరీలకు వెళ్లే స్కూటర్ సీటులా వరసగా జరిపి అక్క ముందు కూర్చుంది, నన్ను వెనక కూర్చోబెట్టింది. మధ్యలో చిన్న సింథసైజర్‌ను ఇరికించింది.

"సరిగ్గా పట్టిందే!"

"చిన్నది, చవకది. అయినా డ్రమ్ము, వేణువు, వయొలిన్ అన్నీ ఒకేసారి వాయిస్తుందమ్మా," అన్నాడు దుకాణదారు.

మా కచేరీల్లో డ్రమ్ము వాయించేది నేనే.

"అయితే ఇక నేనెందుకక్కా?"

"పాడటానికి! గిన్నెలు తోముతూ నువ్వు తీసే రాగాలు వినట్లేదనుకున్నావా? ఇన్నాళ్లూ నా గొంతు భరించారు, పాపం జనం."

"పెద్దదాంట్లో ఇంకా బోలెడు వాద్యాలున్నాయి," అన్నాడాయన.

"అది కొంటే మా గాయని స్కూటర్ వెనకాల పరిగెత్తాలి!"

నేను అక్క నడుము పట్టుకుని, "పోనియ్యక్కా!" అని అరిచాను.

దుకాణదారు వంగి, సింథసైజర్ మీద ఒక మీట నొక్కి స్కూటర్ హారన్ మోగించాడు.