విమానం కట్టిన చీర

"పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి, డిసెంబరు పన్నెండు, ఆదివారం. ఆ పూట మేం తిన్నది సర్వపిండి. మీ నానమ్మ కట్టుకున్నది ఎర్రచీర. ఇంకేం సాక్ష్యం కావాలె నీకు?" అన్నాడు సుందర్ రావు.

"సర్వపిండి సంగతి నాకు తెల్వది గని, చీర మాత్రం ఎర్రది కాదు తాతా," అంది ప్రీతి.

బల్ల మీద ఒక నలుపు తెలుపు ఫొటో, దాన్ని చూసి మనుమరాలు చేసిన చిన్న విమానం ఉన్నాయి. యుద్ధం రోజుల్లో మామునూరులో దిగి, రెండు రోజులు ఆగి వెళ్లిన విమానం అది. చూద్దామని సైకిలు మీద వెళ్లిన కొత్త దంపతులు దాని తోక పక్కన నిలబడి ఫొటో దిగారు.

తెల్లారితే కాలేజీలో ప్రదర్శన. తోక మీది పట్టీకి రంగు వేయడం ఒక్కటే మిగిలింది. ఆ పట్టీ గురించి సుందర్ రావుకు గుర్తున్నది ఒకటే. భార్య రూతు దాన్ని చూసి, "విమానం గూడ నా చీరే కట్టుకున్నది సూడు" అని నవ్వింది. చీర రంగు తేలితే పట్టీ రంగు తేలినట్టే.

"అప్పటి ఫొటోలల్ల ఎరుపు నల్లగ పడ్తది. చీర, పట్టీ రెండూ తెల్లగ వచ్చినయంటే లేత నీలమే," అంది ప్రీతి.

"ఫొటో తీసినోడు లెన్సుకు ఎర్ర ఫిల్టరు పెట్టి ఉంటడు. అప్పుడు ఎరుపే తెల్లగ వస్తది. బీయస్సీ చదివినోనికి చెప్తున్నవా?"

"ఎర్ర ఫిల్టరు పెడితే ఆకాశం నల్లబడాలె కద తాతా! నీడలు సూడు, మంచి ఎండ. ఆకాశమేమో పాలలెక్క ఉన్నది."

సుందర్ రావు ఫొటోలోని ఆకాశం వైపు చూడలేదు. రూతు పోయి మూడేళ్లు. ఒక్కోరోజు ఆమె ముఖం సరిగ్గా గుర్తుకు రాదు. కళ్లు మూస్తే ఆ ఎరుపు మాత్రం వస్తుంది, దాని వెనక ముఖం వస్తుంది. అదే తప్పయితే ఇక ఏం పట్టుకుని ఆమెను వెతుక్కోవాలి?

లేచి బీరువా తెరిచాడు. "ఇగో, ఆ రోజు చీర."

ఎర్రగా ఉంది. జరీ అంచు మీద హంసల వరుస అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది. ఏళ్ల తరబడి పెట్టె అడుగున పడి ఉన్న చీర. ఒకసారి ఆయన "ఆ ఎర్రచీర ఏమయింది?" అని అడిగితే, వారం తిరక్కుండానే రూతు దాన్ని కట్టుకుని చర్చికి వచ్చింది. ఆ తర్వాత ప్రతి క్రిస్మసుకూ అదే.

ప్రీతి చేతులు జోడించింది. "సరే, నువ్వే గెలిచినవ్. ఆకాశమే అబద్ధం చెప్తాంది."

"గెలిచుడు కాదు, రంగు సరిగ్గ కుదరాలె. ఆ ఎర్రరంగు సీసా పట్టుకో, కాశిబుగ్గల మొండయ్యను అడుగుదాం పా. ఏది ఎంత కలపాల్నో చూడంగనే చెప్తడు."

చీరలకు రంగులద్దే మొండయ్య దుకాణం మూయబోతున్నాడు. వాళ్లను చూసి ఆగి, చీరను వెలుతురుకు పట్టాడు.

"గుర్తు పట్టకుంట ఎట్లుంట సారూ? ఇది నా చేతి అద్దకమే."

కొంగు చివర కుచ్చు ముడి ఒకటి గోటితో మెల్లగా విప్పాడు. ముడి లోపల దాగిన నాలుగు పోగులు లేత నీలంగా బయటపడ్డాయి.

"గట్టి ముడి లోపలికి రంగు పోదు," అన్నాడు. "అసలు చీర ఇది."

ప్రీతి చేతిలోని ఎర్రరంగు సీసాను చప్పున సంచిలో వేసేసుకుంది.

సుందర్ రావు ఆ నాలుగు పోగులనూ వేలితో తడిమాడు. "మంచిగున్న నీలం చీరను ఎందుకు మార్పించుకున్నది మొండయ్యా?"

"నేను గూడ గదే అడిగిన సారూ. 'మా ఆయన ఎర్రచీర అని పదిమందికి మురుసుకుంట చెప్తాండు, ఆయన మాట ఉత్తదెందుకు కావాలె, ఆయన యాదిల ఉన్న రంగే దీనికి ఎయ్యి' అన్నది అమ్మ," అని మొండయ్య చప్పుడు కాకుండా దుకాణం తలుపు మూశాడు.