ఒకే పిన్ను

బొగ్గు దుమ్ము ముదిరాక గనుల కాలనీలో ఇంటింటికీ మందు ఆవిరి డబ్బా వచ్చింది. మందును వేడిచేసే కాయిల్‌కు మొదట్లో కంపెనీకొక పిన్ను ఉండేది. పక్కింటి కాయిల్ తమ డబ్బాకు పట్టకే స్వరూప మామ ఊపిరాడక ఆమె కళ్లముందే పోయాడు. ఆ తర్వాత ఆడవాళ్లంతా రోడ్డుమీద బైఠాయిస్తే మందు డబ్బాకీ, దోమల డబ్బాకీ, సాంబ్రాణి డబ్బాకీ ఒకే పిన్ను చేశారు. ఆరోజు అందరికన్నా గట్టిగా అరిచింది స్వరూపే. ఇప్పుడు కాయిల్ మాడితే, పెరుగు తోడు అడిగినట్టు పక్కింట్లో అడగడమే.

ఆ సాయంత్రం భర్త ఓదెలు ఆవిరి పీలుస్తుండగా కాయిల్ మాడింది. పక్కింటి లచ్చక్క పెరట్లో ఉంటే, స్వరూప ఆమె గూట్లోంచి ఒకటి తెచ్చి బిగించింది. టక్కున పట్టింది. పచ్చలైటు వెలిగింది. ఓదెలు గుండెల నిండా పీల్చాడు.

లచ్చక్క ఉరుక్కుంటూ వచ్చింది. "గూట్లది తెచ్చినవా? అది దోమల మందుల నానినదే!"

స్వరూప దాన్ని పీకి పారేసింది. ఓదెలు పెదాలు నల్లబడుతున్నాయి.

"మందుది ఇయ్యి అక్కా, నీ కాళ్లు మొక్కుత!"

లచ్చక్క చాటెడు కాయిళ్లు తెచ్చి ముందు కుమ్మరించింది. అన్నీ ఒక్కతీరే ఉన్నాయి.

"వీటిల మందుదేది?"

"మా ఆయనకే ఎర్క బిడ్డా. ఆయన డ్యూటీల ఉన్నడు."

స్వరూప చెయ్యి వాటిమీద ఆగిపోయింది. ఏది తీసి పెట్టినా టక్కున పడుతుంది. పచ్చలైటూ వెలుగుతుంది.