కట్టని టేపు

“టేపు కట్టావా, లేదా?” ఆఫీసరు మూడోసారి అడిగాడు.

“లేదు సార్. మర్చిపోయాను,” అన్నాడు మేస్త్రి.

అడవి సైకిల్ కేంద్రంలో కాఫీ గదినే విచారణకు సిద్ధం చేశారు. కుర్చీలు గోడవారకు జరిపి, మధ్యలో ఒక బల్ల వేశారు. కిటికీలోంచి సైకిళ్ళు కడిగే గట్టు కనిపిస్తోంది. పదకొండు రోజులుగా అక్కడ కుళాయి తిప్పినవాళ్ళు లేరు.

ఆ కొండమీద సైకిల్ బాటలు నాలుగు. పచ్చ గుర్తుది పిల్లలకు. నల్ల గుర్తుది ఆరితేరినవాళ్ళకు. ఇరవై ఏళ్ళ కిందట నాలుగింటినీ పార పట్టి తవ్వినవాడు మేస్త్రే. రోజూ తెల్లారగానే నాలుగూ నడిచి చూస్తాడు. రాయి కదిలినా, కొమ్మ ఒరిగినా బాట మొదట్లో ఎర్ర టేపు అడ్డంగా కడతాడు. కట్టాడంటే ఆ బాట మూసేసినట్టే. చీమ అడ్డంపడినా మేస్త్రి టేపు కడతాడని సైకిళ్ళవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ప్రమాదం జరిగిన రోజు నల్ల బాటలో, వాగు మీది చెక్క వంతెనకు రెండు పలకలు వానకు నాని విరిగిపోయాయి. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి జోరుగా దిగుతూ వచ్చి అందులోంచి బండల మీద పడింది. వెనకాలే వస్తున్న పద్నాలుగేళ్ళ చెల్లెలు ఒడ్డున ఆగిపోయింది. కొత్త పలకలు మోసుకొస్తున్న మేస్త్రి కేక విని పరుగెత్తాడు. మిగతావాళ్ళు వెళ్ళేసరికి అమ్మాయి తల అతని ఒళ్ళో ఉంది. ప్రాణం లేదు.

“పలకలు విరిగిన సంగతి పొద్దున్నే చూశావు. కొత్తవి కోయించడానికి వెళ్ళావు. అంత గుర్తున్నవాడివి, టేపు ఎలా మర్చిపోయావయ్యా?”

“వయసు సార్. మతిమరుపు.”

టికెట్ల కౌంటరావిడ ఉండబట్టలేక లేచింది. “సార్, ఆ పొద్దున మేస్త్రిగారు టేపు చుట్ట పట్టుకెళ్ళడం నేను కళ్ళారా చూశాను.”

“పట్టుకెళ్ళానమ్మా. కట్టలేదు.” మేస్త్రి ఆమె వైపు చూడలేదు.

“మరి పిల్లలు అటు వెళ్తుంటే నువ్వేం చేస్తున్నావు?” ఆఫీసరు ఆమెను అడిగాడు.

“పెద్దమ్మాయి నా దగ్గరే నిలబడి టికెట్లు తీసుకుంది సార్. చిన్నది ఆగలేక ముందే బాట దగ్గరికి వెళ్ళిపోయింది. టేపు ఉంటే వాళ్ళే వెనక్కి వస్తారులే అనుకున్నాను.” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోడవార కుర్చీలో తల్లి కూర్చుని ఉంది. చిన్నకూతురి చెయ్యి ఆమె రెండు చేతుల మధ్యా ఉంది. అక్క పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల నోట మాట లేదు. పెట్టింది తినదు, పడుకోబెడితే కళ్ళు మూయదు.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. “పాపా, నువ్వు ముందు వెళ్ళావు కదా. అక్కడ టేపు ఏమైనా...”

పిల్ల పెదవులు కదిలాయి.

“చిన్నపిల్లని ఎందుకు సార్ అడగడం?” మేస్త్రి గొంతు ఒక్కసారిగా లేచింది. “కట్టలేదని నేనే చెబుతున్నాగా! రాసుకోండి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను.”

“ఇప్పుడొచ్చిందా జాలి?” తల్లి లేచి నిలబడింది. “చెట్టంత కూతుర్ని మింగేసి, ఇప్పుడు దీని మీద జాలా?”

మేస్త్రి తల దించుకున్నాడు. పిల్ల పెదవులు మళ్ళీ కలుసుకున్నాయి.

ఆఫీసరు కాగితం ముందుకు జరిపాడు. “ఉద్యోగం పోయినట్టే. నిర్లక్ష్యం కింద కేసు కూడా అవుతుంది. జైలు తప్పకపోవచ్చు. తెలిసే పెడుతున్నావా సంతకం?”

“తెలిసే సార్.”

వరండాలో తల్లి అతన్ని ఆపింది. కొడుతుందనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. కొట్టలేదు.

“నీకు పిల్లలున్నారా?”

“లేరమ్మా.”

“అందుకే,” అంది. ఆ ఒక్క మాటా అని, చిన్నదాన్ని పొదివి పట్టుకుంది. “నాకింక మిగిలింది ఇదొక్కతే. దీని మొహం చూసే బతకాలి నేను.”

మేస్త్రి చేతులు జోడించాడు. ఆమె మొహం తిప్పుకుని కారెక్కింది. పిల్ల మాత్రం మలుపు తిరిగేదాకా వెనక అద్దంలోంచి అతన్నే చూస్తూ ఉండిపోయింది.

క్వార్టరు నాలుగు రోజుల్లో ఖాళీ చెయ్యాలి. మేస్త్రి భార్య గిన్నెలు గోనెసంచిలో సర్దుతూ సర్దుతూ ఆగింది.

“తలుపు తాళం వేశావో లేదో మూడుసార్లు వెనక్కొచ్చి చూసుకునే మనిషివి. నువ్వు మర్చిపోయావంటే నేను నమ్మనయ్యా.”

“నమ్ము.”

“నా మీద ఒట్టేసి చెప్పు.”

అతను ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని సంచిలో పెట్టాడు. “ఒట్లెందుకే ఇప్పుడు? నమ్ము. ఎవరడిగినా అదే చెప్పు.”

ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ సర్దడంలో పడింది.

ఆ రోజు వాగు ఒడ్డుకు అందరికంటే ముందు చేరిన మేస్త్రి, పొద్దున తను ముడి మీద ముడి వేసి కట్టిన ఎర్ర టేపు చెల్లెలి మణికట్టుకు ఆటగా గాజులా చుట్టి ఉండటం చూసి, ఎవరూ రాకముందే దాన్ని విప్పి తన జేబులో కుక్కుకున్నాడు.