సారు పంపే మనిషి

ఆ పొద్దున ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. చినుకు రాలదు, మబ్బు కదలదు. కృష్ణా నది మీది గాలి కూడా ఎక్కడో ఆగిపోయింది.

బీచుపల్లి దగ్గర ఎర్రకారు ముందు నుంచి ఆవిరి లేచింది. డ్రైవర్ పాల్ బండిని రోడ్డు దించి ఆపాడు. కింద పచ్చటి నీళ్లు బొట్టుబొట్టుగా మట్టిలో ఇంకుతున్నాయి. రేడియేటర్ కారుతోంది.

అది ముప్పై ఐదేళ్ల నాటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, గుడ్డ కప్పు. తాళం వేసినా ఒక బ్లేడు చాలు, లోపలికి చేయి పోతుంది. సారుకు అదంటే ప్రాణం. దాన్ని హైదరాబాద్ నుంచి బెంగళూరుకు చేర్చడం పాల్ పని.

దారిలో ఉండగానే కబురు వచ్చింది. ధరూర్‌లో అక్క లలితమ్మ తెల్లవారుజామున పోయింది. తల్లి ముఖం ఎరగని పాల్‌ను నడుముకు కట్టుకుని పత్తి ఏరి పెంచిన అక్క. సాయంత్రం నాలుగింటికి మట్టి చేస్తారట. ఆటో ఎక్కితే గంటన్నర దారి.

పాల్ సారుకు ఫోన్ చేశాడు. సారు లండన్ విమానం ఎక్కుతున్నాడు. అయినా అంతా విన్నాడు.

"మెకానిక్ ఉస్తాద్‌ను పంపుత. ఆయన రాంగనే నువ్వు పో. అప్పటిదాకా ఇంకో చెయ్యి పడొద్దు, బండి ఇడిసిపెట్టకు."

ఆ తర్వాత సారు ఫోన్ కలవలేదు.

పాల్ హైదరాబాద్ వైపు నుంచి వచ్చే ప్రతి వ్యానునూ చూశాడు. మొదట చెడిపోయిన బండ్లు లాక్కెళ్లే మనిషి ఒకడు వచ్చి, మీ సారే పంపిండన్నాడు. సారు పేరు చెప్పమంటే, సారంటే సారే అని నవ్వి జారుకున్నాడు. ఇక ఎవరినీ నమ్మకూడదనుకుని పాల్ తాళం చెవిని లోపలి జేబులోకి మార్చాడు.

పదింటికి ఆటోలోంచి ఒక ముసలాయన దిగాడు. లుంగీ, భుజాన గోనెసంచి, వేడికి కాలి నల్లబడ్డ చేతివేళ్ల కొసలు. పలకరింపు లేకుండానే గొంతుక్కూర్చుని, కారిన నీళ్లను వేలితో తాకి వాసన చూశాడు.

"ఇత్తడిది బిడ్డా. అతుకు ఊడింది. మార్చేది లేదు, సీసం కరిగించి మాటేస్త. తాళమియ్యి."

"మాటెయ్యనీకె ఇదేమన్న బిందెనా పెద్దాయనా?"

"సారు..."

"ఆ పేరెత్తకు. పొద్దుగాల సంది అందరికీ మా సారే దొరికిండు."

ముసలాయన ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాడు. పోయి పది అడుగుల దూరంలో సర్కారుతుమ్మ చెట్టు పక్కన కూర్చున్నాడు.

తనకు కునుకు పట్టేదాకా కాచుకుంటున్నాడని పాల్ అనుకున్నాడు. ఆ లుంగీ, ఆ మాట, ఆ చేతులు పాల్ ఎరగనివి కావు. బొంబాయికి రోడ్డుపనులకు పోయి వచ్చిన తన చిన్నాయనలు అచ్చం అట్లాగే ఉంటారు. సారు పంపే ఉస్తాద్ బూట్లేసుకుని వ్యానులో వస్తాడు.

పన్నెండయింది. వ్యాను రాలేదు. ముసలాయన పోలేదు.

ఇంకా ఎందుకు కూర్చున్నావని పాల్ కసిరాడు.

"పనికొచ్చిన. పని గాకుండ ఎట్ల పోత?"

రెండింటికి అక్క కొడుకు యేసుబాబు ఫోన్ చేశాడు. శవపెట్టె వచ్చిందట. ఎంత దూరంలో ఉన్నావు మామా అన్నాడు. దగ్గరికొచ్చిన అని పాల్ అబద్ధమాడాడు.

ధరూర్ దారిన పోయే గద్వాల ఆటోలు పక్కనుంచే పోతున్నాయి. ఒక ఆటో నెమ్మదించింది. పాల్ ఒక అడుగు వేశాడు. వెనక్కి తిరిగి గుడ్డ కప్పు చూశాడు. అడుగు వెనక్కి తీసుకున్నాడు. గుంజకు కట్టిన ఎద్దులా కారు చుట్టూ తిరగడం తప్ప ఏమీ తోచలేదు.

ముసలాయన ఫోన్ మాటలు విన్నట్టున్నాడు. లేచి దగ్గరికి వచ్చాడు.

"మట్టి ఉన్నదా బిడ్డా? నువ్వు పో. బండి కాడ నేను కూసుంట."

"నీకు అప్పజెప్పి పోవాల్నా? నేనొచ్చేసరికి టైర్లు గూడ మిగలవు."

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. "నా పేరు శాంతయ్య. వనపర్తిల ఎవర్నన్న అడుగు."

"ఈడ ఎవర్నడగాలె? దూరం జరుగు."

శాంతయ్య దూరం జరిగాడు.

నాలుగింటికి పాల్ ఇంకో అరగంట ఆగమని యేసుబాబును బతిమాలాడు. వాళ్లు ఐదింటిదాకా ఆగారు. వాన పడితే గుంత నిండుతుందని పాస్టర్ తొందరపెట్టాడట. ఐదున్నరకు యేసుబాబు గొంతు మళ్లీ వినబడింది.

"మన్నేసినం మామా. నీ పిడికెడు గూడ నేనే ఏసిన."

పాల్ చక్రానికి ఆనుకుని కింద కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. కళ్లు మాత్రం ఇంకా హైదరాబాద్ వైపే ఉన్నాయి.

శాంతయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశాడు. జొన్నరొట్టెను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క మీద పుంటికూర పెట్టి పాల్ అరచేతిలో ఉంచాడు. పొద్దటి నుంచి ఇద్దరూ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా తినసాగారు.

ఫోన్ మోగితే పాల్ స్పీకర్ నొక్కాడు. సారు విమానం దిగాడు.

"పాల్, పొద్దుగాలనే శాంతయ్య ఉస్తాద్‌కు ఫోన్ జేసి నీ కాడికి పంపితి గద, తాళం ఆయనకిచ్చి అక్క మట్టికి అందుకున్నవా?" అని సారు అడుగుతున్న మాట ఇద్దరికీ వినబడుతుంటే, ఇద్దరూ తలెత్తకుండా ఆ రొట్టె నములుతూనే ఉన్నారు.