వేలిని గుర్తుపట్టే రంపం

నంద్యాల ప్రదర్శనలో పెట్టిన కొత్త కరెంటు రంపం, అసలైన పనివాడి వేలు తగిలితే గుర్తుపట్టి ఆగిపోతుందని ఆళ్లగడ్డ వడ్రంగులందరి నమ్మకం.

“దొర్నిపాడు తలుపుల పని మనిద్దర్లో ఎవరికో ఇదే తేలుస్తాది. ముందు నువ్వు పెట్టన్నా” అన్నాడు వీరాచారి ఇమాంసాబ్‌తో, తన వేళ్లను జేబులో దాచుకుంటూ.

రంపం ఆగకపోతే వేలు పోతుంది. వెనక్కి తగ్గితే నలభై ఏళ్ల పరువు పోతుంది. ఇమాంసాబ్ కళ్లు మూసుకుని చూపుడువేలు చాచాడు.

“యాడ పెడతాండావు తాతా?” అంటూ యంత్రం నడిపే అమ్మాయి ఆయన చెయ్యి పట్టి లాగింది.

“నన్ను గుర్తుపడ్తాదేమో చూస్తాండామ్మా.”

ఆమె బుట్టలోని వంకాయ తీసి రంపానికి తాకించింది. రంపం టక్కున ఆగిపోయింది. వంకాయకు చిన్న గాటు మాత్రమే పడింది.

ఇమాంసాబ్ ఆ వంకాయవంక గౌరవంగా చూశాడు.

“ఇది యాడ పని నేర్చుకున్యాదిమ్మా?”

“యాడా నేర్చుకోలేదు తాతా. తడి ఉండేది ఏది తగిలినా, దాంట్లోకి కరెంటు పారి రంపం ఆగుతాది.”