విప్పిన కుట్లు

కుట్టి సిద్ధంగా పెట్టిన సీటు కవరును బ్లేడుతో విప్పుతూ, కొత్తగా వచ్చినావిడ దొరికిపోయింది.

“ఏం చేస్తున్నారండీ?” మేస్త్రమ్మ అరిచినంత పని చేసింది.

“మూల దగ్గర కుట్టు చూస్తున్నానమ్మా.”

“చూడ్డానికి కళ్ళు చాలవా? బ్లేడెందుకు?”

ఆవిడ మెడలో టేపు సర్దుకుని, కవరు మడిచి పక్కన పెట్టింది.

విమానాల్లో సీట్లకు కవర్లు కుట్టే గది అది. మేస్త్రమ్మతో కలిపి పదకొండు మంది ఆడవాళ్ళు. రోజులు బాగాలేక జనం విమానాలెక్కడం తగ్గించారు. నష్టాల్లో మునిగిన రెండు కంపెనీలు బతికి బట్టకట్టడానికి ఒకటయ్యాయి. ఇక రెండు కుట్టుగదులెందుకు, ఒకటి చాలన్నారు. అవతలి గదిలో ముగ్గురే, కానీ వాళ్ళ కుట్టు గట్టిదని పేరు. శుక్రవారం ఇక్కడి కవర్లు పన్నెండింటిని మిషను మీద లాగి చూస్తారు. సగానికి మించి నిలబడితే ఈ గది ఉంటుంది, లేకపోతే అవతలిది.

సరిగ్గా ఆ వారమే, సోమవారం పొద్దున, అవతలి కంపెనీ నుంచి ఉత్తరం పట్టుకుని ఆవిడ దిగింది. ‘పరిశీలన కోసం’ అని తప్ప అందులో ఇంకేం లేదు.

“పరిశీలనా పాడా! ఆ టేపు మన మెడలు కొలవడానికే,” అంది జిప్పులు కుట్టే ఆమె.

అప్పటి నుంచి ఆవిడ పేరు టేపక్క అయిపోయింది.

టేపక్క ఒక్కొక్కరి పక్కనా కూర్చుని మెల్లగా అడిగేది. “మీ ఇంట్లో ఇంకెవరైనా సంపాదిస్తున్నారా?”

అందరి గుండెల్లో రాయి పడింది. ఇంకొకరి జీతం ఉన్నవాళ్ళనే ముందు సాగనంపుతారు కాబోలు!

“ఎవరూ లేరండీ, నా రెక్కల కష్టమే,” అంది మేస్త్రమ్మ. వాళ్ళాయన బ్యాంకులో ఆఫీసరు.

మిగతా పదిమందీ అదే పాట పాడారు.

టేపక్క కళ్ళొత్తుకుంది.

“ఏం నటనే తల్లీ!” అని వెనక నవ్వుకున్నారు.

భోజనాల బల్ల దగ్గర ఆవిడకు చోటివ్వలేదు. ఆవిడా అడగలేదు. అందరూ తిని వచ్చేదాకా, పరీక్షకు పెట్టిన కవర్ల అలమర దగ్గరే ఉండేది. అది ఇంకో అనుమానం.

ఇప్పుడు బ్లేడుతో దొరికాక అనుమానమేముంది? మేస్త్రమ్మ ఆ కవరు పట్టుకుని సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తింది.

“మా పని చెడగొట్టి వాళ్ళ గది నిలబెట్టుకోవడానికి వచ్చిందండీ. ఆవిడైనా ఉండాలి, మేమైనా ఉండాలి!”

ఈ తలనొప్పి తనకెందుకని సూపర్‌వైజరు ఆ సాయంత్రమే ఆవిడను పంపేశాడు.

గుమ్మం దాకా వెళ్ళి టేపక్క ఆగింది. “ఇంకో అయిదు మిగిలాయమ్మా. మూలలు ఒక్కసారి చూసుకోండి.”

“మా పని మాకొచ్చులెండి,” అంది మేస్త్రమ్మ.

శుక్రవారం వచ్చింది. మిషను ఒక్కో కవరునూ మూలలు పట్టి లాగింది. అయిదు పర్రుమని చినిగిపోయాయి. ఏడు నిలబడ్డాయి.

గది నిలిచింది!

ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు, నవ్వారు. మేస్త్రమ్మ మురిపెంగా ఒక కవరు తిరగేసి చూసింది. లోపల, ప్రతి మూలలోనూ, పాత కుట్టు విప్పి చేత్తో మళ్ళీ వేసిన రెండు వరసల కుట్టు. పదకొండు మందిలో ఎవరి చెయ్యీ కాదది. ఏడింటికీ ఉంది. చినిగిన అయిదింటికీ లేదు.

ఆమె సిగ్గుతో చితికిపోయింది. ఆ కవరు పట్టుకునే పరీక్ష చేయించిన పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

“మొన్న మా దగ్గరికి వచ్చినావిడ... ఎవరండీ ఆవిడ?”

ఆయన కాగితాల మీద సంతకం పెడుతూ తలెత్తకుండానే అన్నాడు. “తెలీదా? ఇవాళ్టితో మూసేస్తున్న అవతలి గదికి ఇరవై ఏళ్ళుగా మేస్త్రమ్మ ఆవిడే కదా!”