నూకరత్నం నోట కంపెనీ మాట

ఆ రోజుల్లో ఎవరైనా సర్కారుకు మొర పెట్టుకోవాలంటే, ముందు నెల్లాళ్లు శిక్షణ కేంద్రంలో ఎదుటి పక్షం వేషం కట్టాల్సిందే. ఎండుచేపలమ్మే నూకరత్నానికి రేవు కంపెనీ మేనేజరు వేషం పడింది. చేపలు ఎండబెట్టే ఇసుకదిబ్బను లాక్కుంటున్న కంపెనీ అది. మేనేజరుకు ఆమె వేషం పడింది. మాట తడబడినప్పుడల్లా శిక్షణ యంత్రం మళ్లీ మొదటినుంచీ చెప్పించింది.

దిబ్బ పక్కనే షామియానాలో అసలు విచారణ జరిగింది. నూకరత్నం గొంతు సవరించుకుని లేచింది.

"అభివృద్ధి అందరిదీ సార్. చేపలకు వేరే స్థలం పరిశీలనలో ఉంది," అంది గడగడా.

ఆమె నాలుక కరుచుకునే లోపే మేనేజరు లేచాడు. "మా పొట్ట కొట్టకండి బాబూ! ఈ ఇసక లేపోతే మా చేప కుళ్లిపోద్ది," అని భోరుమన్నాడు.

"ఇరుపక్షాలవారూ ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నారు. వివాదం ముగిసింది," అని విచారణ యంత్రం ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరు గెలిచారో తెలియక నూకరత్నం కూడా కొట్టింది.

బయట దిబ్బ చుట్టూ అప్పుడే కంచె వేస్తున్నారు. తోడికోడలు మసేనమ్మ తడిచేపల తట్టతో ఎదురొచ్చింది.

"అక్కా, మరి ఇయ్యి ఎక్కడ ఆరబెట్టాలి?"

నూకరత్నం తట్టను చూసింది, కంచెను చూసింది. కంపెనీని నాలుగు తిట్లు తిడదామని నోరు తెరిచింది.

"పరిశీలనలో ఉందమ్మా," అంది.